ఎందుకైనా మంచిదని గీసిన బాణం

శశికుమార్ ఆ పొద్దున ఆఫీసు మెట్లెక్కేసరికి హెల్మెట్‌లోంచి కూడా నీళ్లు కారుతున్నాయి. హొసూరు వానకు మర్యాద తెలీదు. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ఎండ చూపించి, బాగలూరు రోడ్డు మధ్యలో పట్టుకుంటుంది. కింద ఎరువుల అంగడి, పైన వీళ్ల ఆఫీసు. తల తుడుచుకోకుండానే కంప్యూటరు ముందు కూర్చున్నాడు. తెర చూసి అంతే వేగంగా లేచి నిలబడ్డాడు.

తను ఎంతో కష్టపడి గీసుకున్న బొమ్మలో సగం బాణాలు లేవు.

“ఎవురు ముట్టినారు దీన్ని?”

మూల బల్ల దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి టీ గ్లాసు పక్కన పెట్టింది. “నేనే. అడ్డంగా ఉండాయని తీసేసినాను” అంది, దారిలో పడిన కంప తీసి అవతల పారేసినంత తేలిగ్గా.

ఈ బాణాల సంగతి రెండు ముక్కల్లో చెప్పకపోతే కథ కదలదు. ప్రేమ కథలో ఈ గోలేమిటని విసుక్కోకండి. వీళ్ల ప్రేమంతా ఆ బాణాల మధ్యే నడిచింది, వాటి దగ్గరే చెడింది.

కృష్ణగిరి దగ్గర మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ ఒకటుంది. బెల్టు మీద కాయలు వరసగా పోతుంటే కెమెరా ఫొటో తీస్తుంది. ఆ ఫొటో చూసి ఏది మంచి కాయ, ఏది పచ్చిది, ఏది మచ్చలది అని కంప్యూటర్ చెప్పాలి. చెప్పగానే బెల్టు చివర ఒక తలుపు తెరుచుకుని కాయను దాని తొట్టిలోకి తోస్తుంది. ఒక్క కాయకు ఎన్ని పనులో చూడండి. రంగు చూడాలి, మచ్చలు వెతకాలి, సైజు కొలవాలి, తొడిమె దగ్గర కుళ్లు ఉందేమో చూడాలి. ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి చేస్తూ కూర్చుంటే కాయ ఆగదు. అందుకని పనుల్ని కంప్యూటర్ మెదడులో ఉండే కోర్‌లన్నిటికీ పంచి, అన్నీ ఒకేసారి చేయించాలి. పారలల్ ప్రోగ్రామింగ్ అంటే అంతే.

దానికోసం వాళ్ల బాస్ ధనుంజయ్ ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చాడు. అందులో పేజీలకు పేజీలు కోడ్ రాసే పని లేదు. ఒక్కో పనికి తెరమీద ఒక బాక్సు గీయాలి. ఈ పనిలో తేలినది ఆ పనికి కావాలంటే, ఇక్కడి నుంచి అక్కడికి ఒక బాణం లాగాలి. రన్ నొక్కితే ఫ్యాక్టరీలో ముందే తీసిపెట్టిన బెల్టు వీడియో తెరమీద కదులుతుంది, నడుస్తున్న బాక్సులు పచ్చగా వెలుగుతాయి, బాణం చివర ఎదురుచూస్తున్నవి పసుపుగా ఉంటాయి. నడుస్తుండగానే మౌస్‌తో బాణం తీసెయ్యొచ్చు, పెట్టొచ్చు. తేడా అప్పటికప్పుడు కళ్లముందు కనబడుతుంది. ఆఫీసులో అందరూ దాన్ని కాన్వాస్ అనేవాళ్లు.

మనవాడి జబ్బు బాణాలు. ఎక్కడ కాస్త అనుమానం వచ్చినా బాణం గీసేవాడు. రంగు తేలాకే మచ్చలు, మచ్చలు తేలాకే సైజు. ఎందుకలా అని ధనుంజయ్ అడిగితే, “ఎందుకైనా మంచిది సార్” అనేవాడు. సొంతూరు మత్తూరులో గొర్రెల మందను ఇరుకు సందులో ఒకదాని వెనక ఒకటిగా తోలిన ఇంటి పిల్లోడు మరి. రన్ నొక్కితే ఒక్క బాక్సు పచ్చగా, తక్కినవన్నీ పసుపుగా పండుగ తోరణంలా మిణుకుమనేవి. ప్రతి కాయకూ జవాబు సరిగ్గానే వచ్చేది. అది వచ్చేసరికి కాయ తలుపు దాటిపోయి ఉండేది.

ఇప్పుడు ఈ కొత్తమ్మాయి వచ్చి వాటిని సగం పీకేసింది. శశి కోపంగా రన్ నొక్కాడు, అంతా చెడిపోయిందని అందరి ముందూ చూపించాలని. బాక్సులన్నీ ఒక్కసారిగా పచ్చబడ్డాయి. కాయ తలుపు దగ్గరికి చేరకముందే జవాబు వచ్చి కూర్చుంది.

ఆమె వచ్చి అతని వెనక నిలబడింది. “సైజుకు రంగుతో ఏం పనప్పా? కాయ పచ్చిగా ఉంటే పొడుగు తగ్గతాదా?”

శశి ముఖం తెరలోకి దించేశాడు. కానీ దేవుడు అతన్ని పూర్తిగా వదిలెయ్యలేదు. జవాబులు ఒక్కొక్కటే చదివితే, పచ్చి కాయలన్నీ మాగినవని వచ్చాయి. అతను కుర్చీ మెల్లగా తిప్పాడు. ఫ్యాక్టరీలో లైటు పసుపుగా ఉంటుందని, ముందు ఫొటోలోంచి ఆ పసుపు తీస్తేగానీ రంగు చూడకూడదని, ఆమె పీకేసిన వాటిలో ఆ బాణం కూడా ఉందని ఓపిగ్గా విడమర్చి చెప్పాడు. ఆ ఓపిక ఆమెను ఉడికించడానికేనని ఇద్దరికీ తెలుసు.

ఆమె వంగి చూసింది. తప్పు తనదేనని ఒప్పుకుని, తనే మౌస్ పట్టుకుని ఆ బాణాన్ని తిరిగి గీసింది. “సరి. ఇది నిజమైన బాణమే. ఇది ఏదో ఒకటి మోసుకొస్తా ఉండాది. ఏమీ మోసుకురాని బాణం మాత్రం గియ్యద్దు.”

ఆమె పేరు రేణు. ఊరు కల్లావి. కృష్ణగిరిలో చదువుకుని, తళి రోడ్డులో హాస్టల్లో ఉంటోంది. ఆ రోజు మధ్యాహ్నానికి ఇవన్నీ శశికి తెలుసు. ఎలా తెలుసని మాత్రం అడక్కండి.

*

ధనుంజయ్ ఇద్దర్నీ ఒకే కాన్వాస్ మీద పనిలో పెట్టాడు. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక సౌకర్యం ఉంది. ఇద్దరు వేరు వేరు బల్లల దగ్గర కూర్చుని ఒకే బొమ్మ మీద పనిచెయ్యొచ్చు. అవతలివాళ్ల మౌస్ గుర్తు కూడా మన తెరమీద కదులుతూ కనబడుతుంది. శశిది నీలం, రేణుది నారింజ.

అందరి ప్రేమల్లో చూపులు కలుస్తాయి. వీళ్లకు ఆ వీలు లేదు, మధ్యలో ధనుంజయ్ బల్ల. అందుకని మౌస్ గుర్తులు కలిసేవి. శశి ఏదైనా బాక్సు దగ్గర ఆగి ఆలోచిస్తుంటే నారింజ గుర్తు వచ్చి నీలం గుర్తు చుట్టూ ప్రదక్షిణం చేసేది. అతను తలెత్తి చూస్తే ఆమె ముఖం అమాయకంగా తెరలోనే ఉండేది. అతను ఒక అనవసరమైన బాణం గీసి వదిలిపెట్టేవాడు, ఆమె వచ్చి తీసేస్తుందని. ఆమె తీసేసేది. పనికిమాలిన బాణాలు ఆ నెలల్లో ఎన్ని పుట్టి చచ్చాయో ఆ కంప్యూటర్‌కే తెలియాలి.

అంతలో శశి అమ్మ నాగక్క ఫోన్‌లో వరసలు తవ్వింది. కల్లావి అమ్మాయి ఆఫీసులో ఉందని కొడుకు ఏదో మాటలో అనగానే, ఎవరి కూతురు, తాత ఎవరు, అమ్మమ్మ ఏ ఊరు అని నిలదీసి, చివరికి ఆ అమ్మాయి మామ కూతురు వరస అవుతుందని తేల్చింది. శశి ఆ సంగతి రేణుకు నవ్వులాటగా చెప్పాడు. రేణు తల ఊపి ఊరుకుంది. మర్నాడు పని మధ్యలో ఆమె బల్ల దగ్గరినుంచి మెల్లగా ఒక మాట వినిపించింది.

“బావా, ఆ బాణం ఏం మోసుకొస్తాదో కాస్త చెప్తావా?”

ఒక్కసారే అంది, మళ్లీ ఎప్పుడూ అనలేదు. శశి ఆ రోజు సాయంత్రం ఇంటికి వెళ్తూ తన వీధి దాటి రెండు వీధులు ముందుకు పోయి, వెనక్కి తిరిగాడు.

మరి చెప్పెయ్యొచ్చు కదా అంటారు మీరు. నేనూ అదే అంటాను. కానీ వాడికి ఒక అక్క ఉంది, మంజుశ్రీ. సిప్‌కాట్ పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో లైన్ లీడరు. ఇద్దరూ హొసూరులో ఒకే ఇంట్లో ఉంటున్నారు. అక్కకు ఇంకా పెళ్లి కాలేదు. ఇంట్లో పెద్దది ఉండగా చిన్నవాడు పిల్లను చూసుకున్నాడని ఊరికి తెలిస్తే అక్కకు వచ్చే సంబంధాల దగ్గర నలుగురూ నాలుగు మాటలంటారని వాడి భయం. ఇంకో భయం కూడా ఉంది. అక్క పెళ్లి ఎప్పుడో తెలీకుండా, నాకోసం ఆగు అని ఒక ఆడపిల్లను ఎలా కట్టిపెట్టేది? ముందు దారి తేటపడనీ, అప్పుడు తల ఎత్తుకుని అడుగుదాం అనుకున్నాడు. వాడి లెక్కలో అది మర్యాద. మంచివాళ్లు చేసే తప్పులు ఇలాగే ఉంటాయి, తిట్టడానికి కూడా మనకు నోరు రాదు.

*

ఒక మధ్యాహ్నం వాన పట్టి బయటికి పోయి తినే వీలు లేకపోయింది. తెచ్చుకున్న డబ్బాలు ఖాళీ చేశాక రేణు ఒక కొత్త కాన్వాస్ తెరిచి, మీ ఇంటి పనులు గియ్యి, నీ బాణాల జబ్బు ఎంత ముదిరిందో చూస్తాను అంది. శశి సరదాపడి గీశాడు. బోరు మోటారు బాగుచెయ్యడం ఒక బాక్సు. అక్కడినుంచి బాణం, నాయన కంటి ఆపరేషన్. అక్కడినుంచి బాణం, కొట్టానికి కొత్త రేకులు. అక్కడినుంచి బాణం, అక్క పెళ్లి.

రేణు పడీపడీ నవ్వింది. బోరు మోటారు తిరిగేదాకా మీ నాయన కన్ను ఆగాలా అని ఆ బాణం తీసేసింది. రేకుల బాణం తీసేసింది. బాక్సులన్నీ విడివిడిగా, హాయిగా నిలబడ్డాయి.

అప్పుడు శశి ఇంకో బాక్సు గీశాడు, అక్క పెళ్లి పక్కన. పేరు రాయలేదు.

బయట వాన పెరిగింది. ధనుంజయ్ కింద ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నారింజ గుర్తు కాసేపు తెర అంచులో తారట్లాడి, మెల్లగా వచ్చి, ఆ పేరులేని బాక్సు మధ్యలో కూర్చుంది. కదల్లేదు.

ఇంతకంటే ఒక ఆడపిల్ల ఏం చెప్పాలి, మీరే అనండి. నీలం గుర్తు ఆమె దగ్గరికి బయల్దేరింది. సగం దూరం పోయి ఆగి, వెనక్కి తిరిగి, ‘అక్క పెళ్లి’ దగ్గరికి పోయింది. అక్కడినుంచి ఆ పేరులేని బాక్సుకు ఒక బాణం లాగింది.

రేణు దాన్ని చాలాసేపు చూసింది. “ఈ బాణం ఏం మోసుకొస్తాదప్పా?”

“ఎందుకైనా మంచిది” అన్నాడు శశి.

నారింజ గుర్తు బాక్సులోంచి లేచి పోయింది. ఆ బాణాన్ని మాత్రం ఆమె తీసెయ్యలేదు. శశి గీసిన బాణాల్లో ఆమె ముట్టకుండా వదిలింది అదొక్కటే. దాన్నే వాడు అంగీకారం అనుకున్నాడు. తెలివి అంతే ఉంది.

*

వేసవి వచ్చింది, కాయ దిగింది. ఫ్యాక్టరీలో ట్రయల్ రన్‌కు కృష్ణగిరి పోయారు. బెల్టు మీద కాయలు పరుగెత్తుతుంటే తలుపులు టకటకమని తెరుచుకున్నాయి. మంచి కాయ మంచి తొట్టిలో, మచ్చల కాయ మచ్చల తొట్టిలో పడ్డాయి. తొట్ల దగ్గర పనిచేసే ఆడవాళ్లు ఒక్కో కాయనూ తిప్పి చూసి, సరిగ్గానే ఉందని తలలూపారు. ధనుంజయ్ ఆనందం పట్టలేక మేనేజరు గదిలోకి మాటలకు పోయాడు, వీళ్లను డ్యామ్ దగ్గరికి పోయి చేపలు తినండని పంపేశాడు.

నీళ్ల మీదినుంచి గాలి వేడిగానే వస్తోంది, కానీ వస్తోంది. వేయించిన చేప ముందు పెట్టుకుని రేణు మామూలుగా మొదలుపెట్టింది. ఆదివారం ఇంటికి పెళ్లివారు వస్తున్నారట. అబ్బాయిది బర్గూరు వైపు, బస్సులకు బాడీ కట్టే షెడ్డులో సూపర్‌వైజరట. వాళ్ల నాయన వెంకటేశప్పకు సంబంధం నచ్చిందట.

తర్వాత చేప వదిలేసి అతని ముఖంలోకి చూసింది. “నన్ను ఏం చెప్పమంటావు?”

శశికి జవాబు గొంతులోనే ఉంది. చిన్న మాట, ఎన్నోసార్లు ఒంటరిగా పలికి చూసుకున్నదే. కానీ అదే సమయంలో అక్క గుర్తొచ్చింది. వచ్చే వారమే తళి నుంచి అక్కను చూడటానికి వస్తామన్నారు. ఈ ఒక్కటి కుదిరిపోతే దారి తేటపడుతుంది. ఇన్నాళ్లు ఆగి ఇప్పుడు తొందరపడి చెడగొట్టుకోవడం ఎందుకు?

“వచ్చి చూసి పోనీలే” అన్నాడు. “చూసినంత మాత్రాన ఏమయితాది?”

ఆమె చేపలోంచి ముల్లు తీయడం మొదలుపెట్టింది. చివరిదాకా ఒక్కో ముల్లూ తీసి ఆకు అంచున పెట్టింది. “సరి” అంది. తిరుగు దారిలో కారులో ధనుంజయ్ మాట్లాడుతూనే ఉన్నాడు, ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. శశి మాత్రం అక్క పెళ్లికి ఏ మండపం బాగుంటుందా అని ఆలోచిస్తున్నాడు.

*

ఆదివారం సాయంత్రం మంజుశ్రీ ఉల్లిగడ్డలు తరుగుతూ, తళి వాళ్లను రావద్దని చెప్పేశానంది. పెళ్లయ్యాక పని మానెయ్యాలని వాళ్లు కబురు పెట్టారట. లైను వదిలేసి వాళ్లింట్లో కూర్చునేదానికి నేనేం చేతగానిదాన్నా అని అడిగిందట. చెప్పి, ఎప్పటిలాగే పొయ్యి వెలిగించింది.

తమ్ముడు అరిచాడు. పుట్టి బుద్ధెరిగాక అక్క మీద అరవడం అదే మొదలు. ప్రతిదానికీ వద్దంటావని, ఇంట్లో ఇంకెవరి గురించీ ఆలోచించవని ఏదేదో అన్నాడు. మంజుశ్రీ పొయ్యి ఆర్పేసి అతని వైపు తిరిగింది.

“ఏమైందిరా నీకు?”

“నీ వెనకాల ఒకడు నిలబడి ఉండాడని తెలుసునా నీకు?” అన్నాడు శశి. అని, రేణు గురించి మొత్తం చెప్పేశాడు. కాన్వాస్, వాన, చేపలు, ఈ పొద్దు వచ్చే పెళ్లివారు, అన్నీ.

మంజుశ్రీ అంతా విన్నది. కత్తి కింద పెట్టింది. “నిన్ను నిలబడమని ఎవురు చెప్పినారు? నేను చెప్పినానా? ఒక్కసారన్నా నన్ను అడిగినావా?”

అడగలేదు. అడిగితే అక్క నొచ్చుకుంటుందని అడగలేదు. అప్పుడు ఆమె అసలు సంగతి చెప్పింది. నా పెళ్లి నా ఇష్టం వచ్చినప్పుడు, చిన్నోడికి ముందు కుదిరితే చేసెయ్యండి అని ఆమె పోయిన ఏడే అమ్మకు చెప్పిందట. అమ్మ నాలుగు రోజులు అలిగి ఒప్పుకుందట. ఊరేమంటుందో అని శశి అనబోతే, ఊరు నాకు లైను నడిపి పెడతాదా అని నోరు మూయించింది.

అప్పటికప్పుడే అమ్మకు ఫోన్ చేసింది. నాగక్క సంతోషం పట్టలేక, నేను వరస తేల్చిన రోజే అనుకున్నాను అంది. పక్కనే ఉన్న నాయన ముత్తప్ప ఫోన్ అందుకుని, రేపు సోమవారం, మంచి పొద్దే, పిల్లను అడిగే తట్ట తీసుకుని కల్లావి పోదాం అన్నాడు. ఇంటివాళ్ల ఆశీర్వాదం అంటే శశి ఇన్నాళ్లు కొండలా ఊహించుకున్నది, ఉల్లిగడ్డలు తరిగి ముగించేలోపే చేతికొచ్చేసింది.

రేణుకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. చుట్టాలతో ఉంటుందిలే, రేపు ముఖాముఖీ చెప్పొచ్చు అనుకున్నాడు. ఈసారి కూడా రేపే.

*

నాగక్క తమ చెట్టు కాయల్లోంచి మచ్చలేనివి ఏరి తట్టలో పేర్చింది. ఆకూవక్కా, పూలూ, పసుపూ కుంకుమా పెట్టింది. కారు మాట్లాడుకుని నలుగురూ కల్లావి చేరారు. వెంకటేశప్ప ఎదురొచ్చి కూర్చోబెట్టాడు. తట్ట చూడగానే ఆయన ముఖం మారింది.

“నిన్ననే తాంబూలం మార్చుకొన్నాము అన్నా” అన్నాడు ముత్తప్పతో. “పిల్లను అడిగినాము. సరే అనింది. మొన్న వచ్చింటే వేరేగా ఉండేది.”

మాట ఇచ్చాక తాంబూలం వెనక్కి తీసుకోవడం వాళ్లలో లేదు. అడగడం కూడా లేదు. నాగక్క తట్టమీద కొంగు కప్పింది.

రేణు నీళ్లు తెచ్చి ఇచ్చి వెనక్కి పోయింది. శశి లేచి ఆమె వెనకాలే పోతే ఎవరూ ఆపలేదు. ఆమె మేకల దొడ్డి దగ్గర నిలబడి ఉంది. ఇన్ని నెలలు మోసిన మాట కాబట్టి తడబాటు లేకుండా చెప్పాడు. నువ్వంటే నాకు ప్రాణమని చెప్పాడు. అక్క పెళ్లి అయ్యేదాకా ఆగాలనుకున్నానని, ఇప్పుడు ఆ అడ్డం లేదని, అమ్మా నాయనా ఒప్పుకున్నారని చెప్పాడు.

రేణు దొడ్డి కర్ర పట్టుకుని విన్నది.

“మీ అక్క పెళ్లయ్యేదాకా మన పెళ్లి ఆగాల. సరి, ఒప్పుకొంటాను. మాట ఎందుకు ఆగాల?”

శశి చెప్పు కొనతో నేలమీద గీత గీశాడు.

“నువ్వు ఆగమని ఒక్క మాట చెప్పింటే ఎన్నేండ్లయినా ఆగుందును శశీ. డ్యామ్ కాడ అడిగినాను గదా. ఎందుకు అడిగినాననుకున్నావు? చేప రుచి చూసేదానికా?” ఆమె దొడ్డి కర్రను ఒకసారి గట్టిగా కుదిపి వదిలింది. “ఆ బర్గూరాయన వచ్చి కూర్చున్న కాసేపటికే, నీకు ఇష్టమేనా, లేకుంటే ఇప్పుడే చెప్పు, నేనే వద్దన్నానని చెప్పి పోతాను అన్నాడు. నన్ను అట్ల అడిగింది ఆయనొక్కడే. మంచోడు. నేను మనసారా సరే అన్నాను.”

“ఇప్పుడు చెప్తా ఉండాను గదా రేణూ.”

“కరెక్టుగానే చెప్పినావు” అంది రేణు. “బెల్టు ముందుకు పోయింది.”

ఆమె కళ్లు తుడుచుకుని ఇంట్లోకి పోయింది. శశి మేకల్ని చూస్తూ నిలబడ్డాడు. అవి కూడా అతన్ని పట్టించుకోలేదు.

బయల్దేరబోతుంటే రేణు అమ్మ అడ్డం నిలబడింది. ఇంటిదాకా వచ్చిన కాయ తిరిగి పోకూడదని నాగక్క చేతిలోంచి తట్ట తీసుకుంది. ఆకూవక్కా పూలూ పక్కన పెట్టి, కాయలు కోసి తెమ్మని కూతురికి ఇచ్చింది. రేణు ఒక కాయ ఎత్తి, అలవాటుగా తిప్పి చూసింది. రంగు చూసింది, తొడిమె దగ్గర చూసింది. శశి వైపు చూడకుండానే, “మంచి తొట్టి” అంది మెల్లగా. తర్వాత కత్తిపీట ముందు కూర్చుని కోసింది. రెండిళ్లవాళ్లూ కూర్చుని తిన్నారు. కాయలు చాలా తియ్యగా ఉన్నాయని వెంకటేశప్ప అన్నాడు.

*

దారిలో ముత్తప్ప టీ తాగుదామని కారు ఆపించాడు. నాగక్క దిగలేదు, ఖాళీ తట్ట ఒళ్లో పెట్టుకుని లోపలే కూర్చుంది. మంజుశ్రీ ఆమెకు గ్లాసు తీసుకుపోయి పక్కన కూర్చుంది. తండ్రీ కొడుకులు అంగడి ముందు బెంచీ మీద మిగిలారు.

ముత్తప్ప తక్కువ మాటల మనిషి. గొర్రెలతో మాట్లాడినంత కూడా కొడుకుతో మాట్లాడి ఎరగడు. టీ సగం తాగి, గ్లాసు చేతిలో తిప్పుతూ అడిగాడు.

“అక్కకు కాకుండా నీకు చెయ్యనని నేను యా పొద్దన్నా చెప్పినానా అప్పా?”

“లేదు నాయనా.”

“మీ యమ్మ చెప్పిందా?”

“లేదు.”

“మీ అక్క చెప్పిందా?”

శశి తల అడ్డంగా ఊపాడు. రోడ్డు మీద మామిడి కాయల లారీ ఒకటి ఫ్యాక్టరీ వైపు పోయింది. మనవాడు అది కనుమరుగయ్యేదాకా దాన్నే చూశాడు.

“మరి ఎందుకు ఆగినావు?”

కోపం లేదు ఆ గొంతులో. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. ఎంత వెతికినా నాలుక మీదికి ఆ ఒక్క మాటే వచ్చింది.

“ఎందుకైనా మంచిదని నాయనా” అన్నాడు.

ముత్తప్ప మిగిలిన టీ తాగేసి, కొడుకు వీపు మీద చెయ్యి వేసి, కారు దాకా నడిపించుకుపోయాడు.